అందరు తాతలకీ ఒకే కోటు

తలుపు మూశారు. గాలికి కొట్టుకుంటోందని మూశారు, అంతే. ఈ పరీక్షకి ఎవరైనా వెళ్ళి వెనక వరసలో కూర్చుని వినొచ్చునట, పిచ్చుక పొద్దుట్నించి చెబుతూనే ఉంది లోపలికొచ్చి కూర్చో అమ్మా అని, నేనే రానన్నాను. నేను ఎదురుగా ఉంటే దాని చూపు నా మీదే పడుతుంది, నా మొహం చూసిందంటే చదివింది చదివినట్టే మర్చిపోతుంది. రెండో తరగతిలో పద్యం చెప్పేటప్పుడు అదే జరిగింది, సగంలో నన్ను చూసి, అమ్మా ఏమైంది అని మైకులోనే అడిగేసింది. ఏమీ కాలేదు. నా మొహమే అంత. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండి బతుకుతుందో లేదో అన్నారు గనక దానికి పిచ్చుక అని పేరు పడింది. ఇప్పుడు ముప్పై దాటింది, కళ్ళద్దాలొచ్చాయి, ఈ కాలేజీలోనే పిల్లలకి పాఠాలు చెబుతోంది, అయినా నిద్రపోతున్నప్పుడు ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరాడుతోందా అని చూసే అలవాటు నాకు పోలేదు. ఈ గదిలో ఇప్పుడు జరుగుతున్నది దాని పీహెచ్‌డీ ఆఖరి పరీక్ష. వైవా అంటారు. రాసిన పుస్తకం ముందు పెట్టుకుని పెద్దవాళ్ళు ప్రశ్నలు వేస్తారు, ఇది జవాబు చెప్పాలి. కిందటిసారి రాసింది సరిపోలేదని తిప్పి పంపారు. ఈసారీ వద్దన్నారంటే ఇంకోసారి లేదు, డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే దాని ఉద్యోగమూ లేదు. ఆ మాట మొహం మీదే చెప్పారు.

బెంచీ చల్లగా ఉంది. ఎదురుగోడ మీద ఈ కాలేజీకి పెద్దలుగా పనిచేసి పోయినవాళ్ళ ఫోటోలు వరసగా ఉన్నాయి, ఫోటోలు దిద్దే పని నాది గనక చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను, మూడో ఆయన మెడ అతికించిందే, నాలుగో ఆయనకి కుడి చెవి లేకపోతే ఎడమ చెవినే తిప్పి పెట్టారు, ఎవరు చేశారో గానీ తొందరపడ్డారు. లోపల ఎవరో దగ్గారు. అది దాని దగ్గు కాదు. దానిది పొడిదగ్గు, రాత్రి వేడినీళ్ళు తాగమంటే తాగలేదు, గొంతు పట్టేస్తే మాట రాదు, మాట రాకపోతే తెలియదనుకుంటారు. ఫోను ఒళ్ళో వణికింది. మా ఆయన. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది, ఏదో మేడ మీద తాళ్ళ మధ్య నిలబడి చేస్తుంటాడు, తలుచుకుంటేనే నాకు అరికాళ్ళు జిల్లుమంటాయి. "అయిందా?" అన్నాడు. ఇంకా లేదన్నాను. "భయంగా ఉందా?" అన్నాడు. నీకు లేదా అన్నాను. "మనిద్దరి వంతూ నువ్వు పడుతున్నావుగా, నేను నిశ్చింతగా ఉన్నాను" అని పెట్టేశాడు. ఆయనకి అన్నీ అంతే, ఏ తాడు ఎంత బరువు మోస్తుందో లెక్క ఉంటుంది, ఆ లెక్కకి లోబడి ఉంటే ఏమీ కాదంటాడు. పిల్లల విషయంలో ఆ లెక్క ఎవరు రాశారు.

దాని పుస్తకం దేని గురించి అని ఎవరైనా అడిగితే పాత అమెరికా కథల గురించి అని ఊరుకుంటాను. అంతకంటే చెప్పబోతే ఎక్కడో తప్పుతాను. నాకు అర్థమైనంతవరకూ సంగతి ఇది. నాలుగు వందల ఏళ్ళ కిందట ప్యూరిటన్లు అని ఒక జనం ఓడలెక్కి సముద్రం దాటి అమెరికా వెళ్ళారు. దేవుడంటే మహా భయం వాళ్ళకి. భయపడేవాళ్ళు గనక నాకు మొదట్నించీ వాళ్ళంటే కొంచెం అభిమానమే. పొద్దున లేస్తే నేను చేసిన తప్పేమిటి, పక్కింటివాడు చేసిన తప్పేమిటి అని వెతుక్కుంటూ బతికేవారట, తప్పు చేసినవాళ్ళని నలుగురిలో నిలబెట్టేవారట. సరే, వాళ్ళు పోయారు. పోయిన ఎన్నో ఏళ్ళకి వాళ్ళ మనవల మనవలు వాళ్ళ మీద కథలు రాశారు, ఆ కథలే ఇప్పటికీ గొప్పవని చదివిస్తున్నారు. పిచ్చుక అనేదేమిటంటే, ఆ కథల్లో కనపడేది ప్యూరిటన్లు కాదు, రాసినవాళ్ళ కాలం. దేశం కొత్తగా ఏర్పడినప్పుడు రాసినవాళ్ళకి గర్వంగా చెప్పుకోవడానికి తాతలు కావలసి వచ్చారు, అందుకని వాళ్ళ కథల్లో ఆ ముసలాళ్ళు రాతిబొమ్మల్లా నిటారుగా నిలబడ్డారు. ఇంకొంత కాలానికి బానిసల్ని వదలాలా వద్దా అని దేశం రెండుగా చీలిపోతోంది, ఎదుటివాణ్ణి బాగుచేస్తామంటూ వీధికొక సంఘం పుట్టింది, ఆడవాళ్ళు సభల్లో లేచి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో రాసిన కథలో తప్పు చేసిందని పాతకాలపు ఊరి నడిబొడ్డున నిలబెట్టిన ఒక ఆడమనిషి తలెత్తుకుని నిలబడింది. ఆ తలెత్తుకోవడం పాతకాలానిది కాదమ్మా, రాసినాయన తన చుట్టూ రోజూ చూస్తున్నది, మెచ్చుకోవాలో భయపడాలో తెలియక రాసుకున్నది, అంటుంది పిచ్చుక. కూర తరుగుతూ చెబుతుంది ఇవన్నీ, వేలు తెగుతుందని నా చూపంతా కత్తి మీద ఉంటుంది, సగం వింటాను.

ఇంకో వందేళ్ళకి ఇంకొకాయన, ఆ ప్యూరిటన్లు మంత్రగత్తెలని ముద్రవేసి మనుషుల్ని ఉరితీసిన సంగతి తీసుకుని నాటకం కట్టాడట. ఆయన రాసిన రోజుల్లో అధికారులు జనాన్ని పిలిపించి, నీ స్నేహితుల్లో ఎవరెవరు ఫలానా పార్టీవాళ్ళు, పేర్లు చెప్పు, చెబితే నిన్ను వదిలేస్తాం అని కూర్చోబెట్టి అడిగేవారట. పేర్లు చెప్పనివాళ్ళకి ఉద్యోగాలు పోయాయట. అక్కడ మాత్రం నేను కత్తి మీంచి చూపు తీశాను. "మరి చెప్పేస్తే పోయేది గదే, పిల్లలున్నవాళ్ళు ఏం చేస్తారు" అన్నాను. అది నవ్వింది. "నువ్వు ఆ గదిలో ఉంటే అడక్కముందే వీధిలో అందరి పేర్లూ చెప్పేసేదానివి." నీ పేరు తప్ప, అన్నాను నేను. అది నవ్వడం ఆపేసి కాసేపు ముక్కలు తరిగింది. నేను హాస్యానికి అనలేదు. ఒక గదిలోకి పిలిచి, తలుపు మూసి, పెద్దవాళ్ళందరూ ఒకవైపు, మనిషి ఒక్కత్తీ ఒకవైపు కూర్చోవడం అంటే నాకు అప్పుడూ భయమే, ఇప్పుడూ భయమే. ఇప్పుడు లోపల ఉన్నది అలాగే కూర్చుని ఉంటుంది. నీళ్ళసీసా తీసుకెళ్ళిందో లేదో.

దానికి ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందంటే నా దగ్గరే పుట్టింది, అదే నా బెంగ. నేను ఫోటో స్టూడియోలో పని చేస్తాను. పదో తరగతి గట్టెక్కాక అందులో చేరాను, మొదట్లో సన్న కుంచెతో, ఇప్పుడు కంప్యూటరులో, పని మాత్రం ఒకటే, పోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చెయ్యడం. జనం చిన్న చిన్న ముక్కలు తెస్తారు, పెళ్ళిగుంపులో వెనక నిలబడ్డది, గుర్తింపు కార్డు మీద సగం ముద్ర పడ్డది, ఒకోసారి ముఖం గోరంత ఉంటుంది. దాన్ని తీసి, పెద్దది చేసి, మెడ కింద కోటు తొడిగి, వెనక నీలం వేసి ఇస్తాం. ముఖం వాళ్ళది, కోటు మాది. మా ఓనరు దగ్గర మూడు కోట్లుండేవి, అంటే కోటు వేసుకున్న, తల లేని ఒంటి ఫోటోలు. లావుది, సన్నది, మధ్యరకం. మూడూ నలుపే, నలుపైతే మెడ దగ్గర అతుకు కనపడదు. బజార్లో కాలర్లు వెడల్పైతే ఓనరు వెడల్పు కాలర్ల కోట్లు తెచ్చేవాడు, కాలర్లు సన్నబడితే సన్నవి తెచ్చేవాడు, జనం అదే అడుగుతారు, మా తాత బాగుండాలి అంటే ఇప్పటివాళ్ళ కంటికి బాగుండాలనే అర్థం. డెబ్బై ఏళ్ళ కిందట పోయిన మనిషి నిన్న దుకాణంలోకి వచ్చిన కోటు వేసుకుని గోడెక్కుతాడు. బడి వదిలాక పిచ్చుక నా బల్ల కింద కూర్చుని లెక్కలు చేసుకునేది. ఒకరోజు తల బయటపెట్టి, అమ్మా, అందరు తాతలకీ ఒకే కోటు ఎందుకు అంది. "వంతులేసుకుని వేసుకుంటారే, చలి అందరికీ ఒకేసారి వెయ్యదుగా" అన్నాడు ఓనరు. అందరం నవ్వాం. అది నవ్వలేదు. అది నవ్వకపోతే నాకు భయం, లోపల ఏదో దాచుకుంటోందని. దాచుకుంది. ప్యూరిటన్లు ఎప్పుడూ నల్లబట్టలే వేసుకునేవారని అందరూ అనుకుంటారట, బొమ్మల్లోనూ అలాగే ఉంటారట, నిజానికి నల్లరంగు అద్దకం ఖరీదు గనక మామూలువాళ్ళు గోధుమరంగువీ, ఆకుపచ్చవీ, ఇటికరంగువీ వేసుకునేవారట, నలుపంతా తర్వాతివాళ్ళు తొడిగిందేనట. ఆ ముక్క చదివిన రోజు గంతులేస్తూ ఇంటికొచ్చింది. "అమ్మా, వాళ్ళకీ అతుకు కనపడకూడదు" అంది. ఇదెక్కడికో వస్తోంది అనుకున్నాను.

వచ్చింది, పుస్తకం ముందుమాటలోకి వచ్చింది. మా అమ్మ స్టూడియోలో మూడు కోట్లు, అని మొదలవుతుంది. చదివి వినిపిస్తే నాకు తల తీసేసినట్టయింది. అందులో పెన్ను సంగతి కూడా పెట్టింది. మధ్యరకం కోటు జేబులో ఒక పెన్ను ఉండేది, ఫోటో తీసినప్పుడు ఎవరిదో అలా ఉండిపోయింది. ఒకసారి స్టేషనులో మూటలు మోసిన మనిషి ఫోటో వస్తే ఆ కోటే సరిపోయింది, పెన్ను చెరపడం మర్చిపోయాను, వాళ్ళూ చూసి ఏమీ అనకుండా తీసుకెళ్ళారు. చాలా ఏళ్ళకి ఆ ఇంటి పిల్ల పరీక్షకి ఫోటో దిగడానికొచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చుని, మా ముత్తాత బాగా చదువుకున్నవారండీ, మాది మొదట్నించీ చదువుల కుటుంబం అంది. నాకు చెమటలు పట్టాయి. పరీక్ష ప్యాసయిందట కూడా. ఇప్పటికీ ఎవరైనా ఫోటో చంకలో పెట్టుకుని గబగబా మెట్లెక్కి వస్తుంటే ఆ ఇంటివాళ్ళే, పెన్ను గురించి నిలదీయడానికే అనుకుంటాను. ఇంకొకావిడ ఉంది, మొగుడి ఫోటో చేయించుకుంది, తీసుకునే రోజున దూరంగా పట్టుకుని చూసి, "ఎవరమ్మా ఈయన, బ్యాంకు మేనేజరులా ఉన్నాడు, మా ఆయన చచ్చేదాకా మెడ బొత్తాం పెట్టుకోలేదు" అంది. మార్చి ఇస్తామన్నాం. సరేలే అని తీసుకుపోయింది. కొన్ని నెలలకి బజార్లో కనపడితే భయపడుతూనే అడిగాను, ఫోటో బాగుందా అని. "అలవాటైపోయింది. ఇప్పుడు కల్లోకి కూడా కోటుతోనే వస్తున్నాడు, మనిషి కొంచెం మర్యాదగా మాట్లాడుతున్నాడు" అంది.

అంతవరకైతే పోనీ, మా స్టూడియో పరువు, మా ఓనరు చూసుకుంటాడు. ముందుమాటలో మా నాన్నమ్మ కూడా ఉంది. నాన్నమ్మ చాలా గట్టి మనిషి. నా చిన్నప్పుడు ఒక వానరోజున మా మేనత్త ఆలస్యంగా ఇంటికొస్తే తలుపు తియ్యలేదు, పిల్ల చూరు కింద తడుస్తూ నిలబడింది, వీధి వీధంతా చూసింది. ఈ కథ నేను పిచ్చుకకి ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. అది లెక్కపెట్టింది. అది వీధిలో ఆటలు మరిగిన రోజుల్లో చెప్పినప్పుడు అత్త ఆటల్లో పడి ఆలస్యంగా వచ్చిందట. దానికి వయసొచ్చాక చెప్పినప్పుడు అత్త ఎవరితోనో మాట్లాడుతూ నిలబడిపోయిందట. మా ఆయనకి పని దొరకని ఏడు చెప్పినప్పుడు అత్త కొత్త గొడుగు ఎక్కడో పారేసుకుని వచ్చిందట. ఊళ్ళో జ్వరాలు ముదిరి అందరూ తలుపులు బిగించుకున్నప్పుడు, నాన్నమ్మకి రోగాలంటే జాగ్రత్త, అందుకే అత్తని బయటే నిలబెట్టింది అని చెప్పానట. ఒకే వాన, ఒకే తలుపు, అత్త తప్పే మారుతూ వచ్చిందమ్మా, అంది అన్నం ముందు కూర్చుని. అంటే నేను అబద్ధాలు చెప్పానా అన్నాను. "అబద్ధం కాదు. వాళ్ళూ అబద్ధాలు చెప్పలేదు. నీకు భయం వేసినప్పుడల్లా మీ నాన్నమ్మని పిలుచుకున్నావు, అంతే. వాళ్ళూ అంతే, వాళ్ళకి భయం వేసినప్పుడల్లా ప్యూరిటన్లని పిలుచుకున్నారు."

ఇదంతా తీసెయ్యమని గైడు కూడా చెప్పాడు, పీహెచ్‌డీ పుస్తకంలో ఇంటి సంగతులేమిటి, పరీక్ష చెయ్యడానికి బయట నుంచి వచ్చే ఆయన పాతకాలం మనిషి, ఒప్పుకోడు అని. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. కిందటిసారి ఈ ముందుమాట లేదు, ఏమీ కొత్తగా లేదని తిప్పి పంపారు, ఇది పెట్టాకే నాకు నేనేం చెబుతున్నానో తెలిసింది, తియ్యను, అంది పిచ్చుక. మొండి. ఎవరి పోలికో. మా నాన్నమ్మ పోలికే అనబోయి ఊరుకున్నాను, ఆ మాట కూడా రాసేస్తుందని. ఇప్పుడు వాళ్ళు కాదన్నారంటే నా కోట్ల వల్ల, నా నాన్నమ్మ వల్ల, నా వాగుడు వల్ల దాని డిగ్రీ పోతుంది. బయట కాకి ఒకటే అరుస్తోంది, కిటికీ రెక్క సరిగ్గా పడలేదు, ఎవరో నీళ్ళు ఒలికించి తుడవకుండా వెళ్ళారు, ఎవరైనా జారితే.

అటెండరమ్మ టీ పళ్ళెం పట్టుకుని వచ్చింది, మోకాలితో తలుపు నెట్టబోతూ నన్ను చూసి ఆగింది. "లోపలున్నది మీ అమ్మాయాండీ?" అవునన్నాను. "మరేంటి బయట కూర్చున్నారు, బాకీ వసూలుకొచ్చినట్టు. లోపల గొడవేం లేదులెండి. ఒకాయన గట్టిగా అరుస్తాడు, కోపం కాదు, చెముడు." ఒక కప్పు నా చేతిలో పెట్టింది. వద్దంటే, తాగండమ్మా, ఎవరో ఒకరు ఎలాగూ వద్దంటారు, అంది. ఆవిడ లోపలికి వెళ్ళాక తలుపు సగం తెరుచుకుని ఉండిపోయింది. పిచ్చుక వీపు కనపడుతోంది. నిటారుగానే ఉంది. చెవి వెనక జుట్టు రేగింది, లేచి వెళ్ళి సర్దాలనిపించింది. అవతల తెల్లజుట్టు పెద్దాయన, బయట నుంచి వచ్చినాయన ఆయనే కాబోలు, దాని పుస్తకం మొదటి పేజీల దగ్గర వేలు పెట్టుకుని ఉన్నాడు. చివరి పేజీల్లో కాదు. మొదటి పేజీల్లో. ఆయన గొంతు నిజంగానే గోడలు దాటేలా ఉంది. "మా నాన్నగారిది కూడా ఇలాంటి ఫోటో ఉందమ్మా. కోటు తొడిగిందే. ఆయన తోటపని చేసేవారు, కోటు ఎరగరు. నాకు చిన్నతనం, మా అమ్మ చేయించింది, గోడకి తగిలించింది. రోజూ చూసి చూసి, కోటు లేకుండా ఆయన నాకు గుర్తురావడం మానేశారు." కప్పులు పెడుతున్న చప్పుడు. "నీ పుస్తకం అంతా చదివాను. రాసిన ప్రతివాడూ తన కాలాన్నే వాళ్ళకి తొడిగాడంటున్నావు. బాగుంది. ఒప్పుకుంటాను. ఆ కోట్లన్నీ విప్పేశావనుకో. లోపల ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళెలాంటివాళ్ళు?"

పిచ్చుక వీపు కదల్లేదు. చెప్పు, అన్నాను మనసులో, ఏదో ఒకటి చెప్పు, ఇన్నేళ్ళు చదివావు, మంచివాళ్ళు అను, చెడ్డవాళ్ళు అను, దేవుడి భక్తులు అను. అటెండరమ్మ ఖాళీ పళ్ళెంతో బయటికి వచ్చి తలుపు గట్టిగా లాగేసింది. "టీ ఎలా ఉంది?" అంది. బాగుందన్నాను. ఇంకా తాగలేదు.

ఆ తర్వాత ఏమీ వినపడలేదు, అదే భయం. గట్టిగా మాట్లాడే ఆయన కూడా మాట్లాడడం లేదు. ఆయన అడిగింది దాన్ని కాదు, నన్నే అడిగాడని తోస్తోంది, ఆ పేజీలో వేలు పెట్టుకునే అడిగాడు గదా. వాళ్ళ నాన్న కోటు మా స్టూడియోది కాదు, ఏ స్టూడియోదో, కానీ అలాంటి కోటే, అలాంటి నలుపే. ఎన్ని ముఖాల కింద పెట్టాను. ఎప్పుడైనా ఎవరినైనా అడిగానా, మీ నాన్న ఏం తొడుక్కునేవారు అని. అడిగితే పని ఆలస్యమవుతుంది. వాళ్ళూ చెప్పరు, వాళ్ళు చెప్పేదొక్కటే, బాగుండాలి. మరి మా నాన్నమ్మ. వానా తలుపూ తీసేస్తే నాన్నమ్మ ఎలాంటిది. ఆ రోజు నేను ఎక్కడున్నాను, లోపలున్నానా బయటున్నానా. అత్త తడుస్తూ నిలబడ్డం నేను చూసినట్టే ఉంటుంది, కానీ చూరు కింద నిలబడ్డ అత్త ముఖం తలుచుకుంటే పిచ్చుక ముఖమే వస్తుంది, వయసు మాత్రం నేను చెప్పే రోజుని బట్టి మారుతుంది. గడియ చప్పుడు గుర్తుంది. వేసిన చప్పుడో తీసిన చప్పుడో గుర్తులేదు. తీసిందేమో. వెంటనే తీసిందేమో. తీసిన తలుపు కథలో నిలవదు, అందులో భయపెట్టడానికేముంది, ఆ ముక్క ఎక్కడో జారిపోయి ఉంటుంది. ఏమో. అత్తని అడుగుదామంటే అత్త లేదు. టీ మీద మీగడ కట్టింది.

తలుపు తెరుచుకుంది. పిచ్చుక ఒక్కత్తే వచ్చింది. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవాలట, దాన్ని కాసేపు బయట ఉండమన్నారట. వచ్చి నా పక్కన కూర్చుంది, చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి, రెండూ నా ఒళ్ళో పెట్టుకుని రుద్దాను. ఏమైందే, ఆ ఆఖరి దానికి ఏం చెప్పావు అన్నాను.

"తెలియదన్నాను."

"తెలియదన్నావా?"

"లోపల ఎవరో ఉన్నారు, ఉండి తీరాలి, కానీ వాళ్ళెలాంటివాళ్ళో నాకు తెలియదు, తెలుసంటే నేనూ ఒక కోటు తొడిగినట్టే, అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. పుస్తకం మూసేశారు."

పుస్తకం మూసేశారు. అయిపోయింది. పుట్టినప్పట్నించీ చెబుతున్నాను, ఎవరైనా ప్రశ్న అడిగితే తెలియదనకు, ఏదో ఒకటి చెప్పు, నోరు మూసుకుని నిలబడ్డవాళ్ళనే బయట నిలబెడతారు, మా నాన్నమ్మ ఉంటేనా, ఒకసారి ఏమైందంటే వాన పడుతోంది, మా అత్త అడిగిన దానికి జవాబు చెప్పకపోతే. మాటలు నాలిక దాకా వచ్చాయి. కొత్త తప్పు, అప్పుడే పుట్టింది, నా నోట్లోనే పుట్టడం నాకు తెలిసింది. అది నా వైపు చూస్తోంది. కళ్ళద్దాల వెనక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, అవి చిన్నప్పటివే, బల్ల కింద నుంచి చూసినవే. "చెప్పమ్మా" అంది, నేనేం చెప్పబోతున్నానో తెలిసినట్టు. "మీ నాన్నమ్మ అయితే ఏం చేసేది?"

"నాకూ తెలియదే" అన్నాను.

నేను చేతులు రుద్దుతూనే ఉన్నాను. రుద్దుతుంటే ఎక్కడి నుంచి వచ్చిందో, పిలవకుండా వచ్చింది. "ఆవిడకి ముందు పన్ను ఒకటి విరిగి ఉండేది. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. అయినా నవ్వేది. భుజాలు ఊగేవి."

"మీ నాన్నమ్మా? నవ్వేదా?"

"దేనికి నవ్వేదో గుర్తులేదు. నవ్వేది."

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదేం?"

"ఎందుకు చెబుతాను" అన్నాను. "దాంతో నిన్ను దేనికి భయపెట్టను."

పిచ్చుక నా ముఖంలోకి చూసి, చూసి, ఫక్కున నవ్వింది, లోపల పెద్దవాళ్ళున్నారని గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దాని పళ్ళకేం, వరసగా ఉన్నాయి. భుజాలు ఊగుతున్నాయి. అలా నవ్వడం దానికి ముందు నుంచీ ఉన్నదేనా, నేను ఆ మాట అనేసరికి నాకు ఇప్పుడు అలా కనపడుతోందా, అడిగినా ఎవరు చెబుతారు. చూస్తూ కూర్చున్నాను.

అటెండరమ్మ తల బయటపెట్టి రమ్మంది. "మీరు కూడా రండమ్మా, ఇప్పుడైనా" అంది. వెళ్ళాను. వెనక వరసలో చివరి కుర్చీ, కాలు ఒకటి కుదురుగా లేదు, కదిలితే చప్పుడవుతుందని ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నాను. తెల్లజుట్టు పెద్దాయన లేచి నిలబడ్డాడు, పిచ్చుక పేరుకి ముందు డాక్టర్ అని చేర్చి పిలిచాడు. ఇంకా ఏదో అన్నాడు, చప్పట్ల మధ్య, ఆయన గొంతు గనక వినపడింది. ముందుమాట ఉన్నదున్నట్టు ఉండనివ్వాలట. ఇంకొక్క మార్పు చెయ్యాలట. ఇప్పుడు బయటికి వెళ్ళేముందు నువ్వు చెప్పిన తెలియదన్న మాట పుస్తకంలో లేదమ్మా, అది ఆఖరి పేజీలో రాసి ఇవ్వు, అన్నాడు. పిచ్చుక తల ఊపింది. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం నిలిచింది, నేను దణ్ణం పెట్టబోయిన చేతుల్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను. అందరూ లేస్తున్నారు, కుర్చీలు జరుపుతున్నారు. ఆ పుస్తకానికి గట్టి అట్ట వేయిస్తారు, అట్ట మీద బంగారు అక్షరాలతో దాని పేరు కొట్టిస్తారు, పెద్ద పెద్దవాళ్ళు అరల్లో పెట్టుకుంటారు. అంత పుస్తకమూ చదివి ఆఖరి పేజీకి వచ్చేసరికి అక్కడ తెలియదు అని ఉంటే, చూసినవాళ్ళు ఏమనుకుంటారో.